ఉమ్మనీటి పరీక్ష: భయమెంత, నిజమెంత?

"కడుపులో సూది గుచ్చితే కడుపు నిలవదు" అనే మాట మా శావల్యాపురం వైపు ఆడవాళ్ల నోట వింటుంటాను. దాన్ని మూఢనమ్మకమని కొట్టిపారేసే చదువుకున్న వాళ్లతోనే నాకు పేచీ. ఆ భయం గాలికి పుట్టింది కాదు.

గర్భంలోని బిడ్డకు జన్యులోపం వున్నదీ లేనిదీ తేల్చడానికి మాయలోంచి చిన్న ముక్కైనా తీయాలి, ఉమ్మనీరైనా తీయాలి. ఎంత ముందు తెలిస్తే అంత మేలని డాక్టర్లే తొందరపడిన రోజులున్నాయి. పది వారాలు నిండకముందే మాయ పరీక్ష జరిగిన కొందరు బిడ్డలకు కాళ్లూ చేతులూ సరిగా ఏర్పడలేదని 1991లో ఆక్స్‌ఫర్డ్ వైద్యులు బయటపెట్టారు. 1998లో కెనడా వారి అధ్యయనం వచ్చింది. ఉమ్మనీటిని 11-13 వారాల్లోనే తీస్తే నూటికి 1.3 మంది బిడ్డలు వంకర పాదాలతో పుట్టారు. 15 వారాలు దాటాక తీసినచోట ఆ లెక్క 0.1 మాత్రమే. అందుకే నేడు మాయ పరీక్ష పది వారాలు నిండాకనే, ఉమ్మనీటి పరీక్ష పదిహేను నిండాకనే. గడువు పాటించి, చెయ్యి తిరిగిన వాళ్లు చేస్తే పరీక్ష మూలాన గర్భం పోయే ప్రమాదం రెండు వందలకు ఒకటి కన్నా తక్కువే.

ఈ గొడవంతా మనకెందుకంటారా? తలసీమియా వుంది. భార్యాభర్తలిద్దరూ ఆ లోపాన్ని మోస్తుంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు రావడానికి నాలుగింట ఒక వంతు అవకాశం. వస్తే రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. మేనరికాల్లో ఇలాంటి జబ్బుల బెడద ఇంకా ఎక్కువ. (మేనమామ కూతురే కావాలని పట్టుబట్టే పెద్దలు, పెళ్లికి ముందు రక్తపరీక్ష అంటే మాత్రం అలుగుతారు!) ఆ ఒక్క పరీక్షతో సూది అవసరం చాలామందికి తప్పుతుంది.

1994 నాటి చట్టమనగానే ఆడో మగో చెప్పకూడదన్నదే మనకు గుర్తు. అది సబబే. కాని అదే చట్టంలో 5వ సెక్షన్ వుంది. పరీక్ష వల్ల రాగల ఇబ్బందులన్నీ గర్భిణికి విడమర్చి చెప్పాలి. ఆమెకు అర్థమయ్యే భాషలో అంగీకారపత్రం రాయించుకోవాలి. నకలు ఆమె చేతికివ్వాలి. మా వూరి ఆడపడుచుకు అర్థమయ్యే భాష తెలుగు. నర్సరావుపేటకో గుంటూరుకో రైలెక్కి వెళ్లిన ఆమె, ఎన్ని వారాలు నిండాయి, ఎవరు చేస్తారు, వాళ్లు ఇదివరకు ఎన్ని చేశారు అని అడిగితే విసుక్కోకుండా చెప్పాలి. చెప్పేదాకా ఆమె సంతకం పెట్టనక్కర లేదు.