లోకాభిరామం: కొండ దాటితే ఏముంది?

సినిమా చూచి మెచ్చుకొన్నవాళ్ళు అది తీసిన ఊరికి పోరాదని పెద్దలెవరూ చెప్పలేదు గాని, చెప్పవలసిన మాటే. ఈ సంగతి నాకు ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ పట్టణంలో తెలిసివచ్చింది.

మా అబ్బాయికి మ్యూనిక్‌లో ఉద్యోగం. కిందటి వేసవిలో మేమిద్దరం బెంగుళూరు నుంచి వాడి దగ్గరకు వెళ్ళినప్పుడు, మా ఆవిడ కోరిన కోరిక ఒక్కటే: ‘సౌండ్ ఆఫ్ మ్యూజిక్’ తీసిన చోట్లు చూడాలని. 1965లో వెలువడిన ఆ చిత్రాన్ని స్కూలు రోజుల్లో వాళ్ళ నాన్నగారితో చూచిందట. చివర తల్లీ తండ్రీ ఏడుగురు పిల్లలతో కొండ దాటిపోతూంటే వెక్కివెక్కి ఏడ్చిందట.

రైలు దిగి మిరాబెల్ తోటకు వెళ్ళాము. రెక్కల గుర్రం బొమ్మ, పిల్లలు పాడుతూ ఎక్కిన మెట్లు, అన్నీ ఉన్నవి. మా ఆవిడ మోకాళ్ళ నొప్పి మరచి చకచకా ఎక్కింది. చిక్కల్లా ఆ తరవాతనే. చిత్రంలోని ఇల్లు ఎక్కడా లేదు! ముఖభాగం ఒక భవనానిది, చెరువు మరొక భవనానిది, లోపలి గదులు అమెరికాలో వేసిన సెట్టింగులు. చిత్రంలో పెళ్ళి జరిగిన చర్చి మోండ్‌సే అనే వేరే ఊళ్ళో ఉన్నది. అసలు పెళ్ళి 1927లో ఈ ఊళ్ళోనే, నాన్‌బెర్గ్ సన్యాసినుల మఠంలో జరిగింది.

“పోనీ, వాళ్ళు దాటిన కొండ ఏదిరా?” అన్నది.

“అమ్మా, ఈ ఊరి కొండ దాటితే స్విట్జర్లాండు రాదు, జర్మనీయే వస్తుంది. హిట్లరు ఒళ్ళో పడ్డట్టే!” అన్నాడు వాడు.

నిజానికి ఆ కుటుంబం 1938లో రైలెక్కి ఇటలీకి పోయింది. కెప్టెన్ ట్రాప్ పుట్టిన జారా పట్టణం మొదటి యుద్ధం తరవాత ఇటలీలో చేరినందున ఆయనకు ఆ దేశపు పౌరసత్వం ఉండేది. అక్కడినుంచి అమెరికా చేరి పాటకచ్చేరీలతో బ్రతికారు.

“ఇన్నేళ్ళూ అబద్ధానికా ఏడ్చాను?” అని మా ఆవిడ ముఖం ముడుచుకొన్నది.

సాయంకాలం, వాళ్ళు కాపురమున్న ఐగెన్ పేటకు వెళ్ళాము. చిన్న స్టేషను. వాళ్ళు వదలిపోయిన ఇంటిని యుద్ధకాలంలో హిమ్లరు ఆక్రమించాడని అబ్బాయి చెప్పాడు. మా ఆవిడ బెంచీ మీద చాలాసేపు మాట్లాడకుండా కూర్చున్నది.

“కొండ ఎక్కేవాడికి ఆయాసమే సరిపోతుంది. రైలెక్కేవాడు కిటికీలోనుంచి తన ఊరు చూస్తూ పోవాలి గదండీ!” అన్నది చివరకు. “ఆ రోజు సినిమాహాల్లో మా నాన్న కూడా కళ్ళు తుడుచుకొన్నారు. నవ్వుకొన్నాను. ఎందుకో ఇప్పుడు తెలిసింది.”

మా మామగారు కరువు నాళ్ళలో ఇల్లమ్మి, హిందూపురంలో రైలెక్కి బెంగుళూరు వచ్చినవారు. మళ్ళీ ఆ వీధి తొక్కలేదు.

సాల్జ్‌బర్గ్ వెళ్ళే పాఠకులు ఆ మెట్లు తప్పక ఎక్కండి. ఐగెన్ స్టేషనులో కూడా పది నిమిషాలు కూర్చోండి. దానికి టిక్కెట్టు అక్కరలేదు.