పాత డిస్కును తుక్కులో వేసే ముందు

ప్రయోగశాలల్లో పాత కంప్యూటర్లు ఎందుకు మిగిలిపోతాయో అక్కడ పనిచేసేవారికి తెలుసు. స్పెక్ట్రోమీటరు, క్రొమటోగ్రాఫు వంటి పరికరాలతో వచ్చిన సాఫ్ట్‌వేర్ చాలాచోట్ల ఇప్పటికీ విండోస్ ఎక్స్‌పీ మీదే నడుస్తోంది. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు 2014 ఏప్రిల్ 8తో ముగిసింది. విండోస్ 10కి సాధారణ మద్దతు కూడా 2025 అక్టోబరు 14న ఆగిపోయింది. దాంతో పాత యంత్రాలు తుక్కు కిందికి వెళ్తున్నాయి. ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకున్నాం కదా అన్న ధీమా చాలదు. వాటిని చదవగలిగే ప్రోగ్రాము, దాని లైసెన్సు, సెట్టింగులు ఆ డిస్కులోనే ఉండిపోతాయి.

కంప్యూటరు పోయినా డిస్కు బాగుంటే దారి ఉంది. ఆపరేటింగ్ సిస్టమ్ దృష్టిలో డిస్కంటే వరుస నంబర్లున్న సెక్టార్లు. పాత డిస్కుల్లో ఒక్కోటి 512 బైట్లు. అడిగిన సెక్టారు అందితే చాలు, ఎవరిచ్చారన్నది దానికి పట్టదు. వర్చువల్ మెషీన్ మామూలుగా ఒక పెద్ద ఫైలునే డిస్కుగా చూపిస్తుంది. వర్చువల్‌బాక్స్, వీఎంవేర్ వర్క్‌స్టేషన్, క్యూఈఎంయూలలో ఆ ఫైలు స్థానంలో నిజమైన డ్రైవును కూడా ఇవ్వవచ్చు. పాత డిస్కును అడాప్టరుతో కొత్త కంప్యూటరుకు తగిలిస్తే, అప్పటి డెస్క్‌టాప్ ఒక విండోలో ప్రత్యక్షమవుతుంది.

ముచ్చటగానే ఉంటుంది. కానీ ఉన్న ఒక్క డిస్కునే ఇలా బూట్ చేయడం నా దృష్టిలో తప్పు. విండోస్ లేస్తూనే రిజిస్ట్రీలో, లాగ్‌లలో రాయడం మొదలుపెడుతుంది; కొత్త హార్డ్‌వేర్ చూసి డ్రైవర్లు మారుస్తుంది. అదే డిస్కును కొత్త కంప్యూటరు కూడా తెరిచి ఉంచిందా, ఇక ఒకే ఖాతా పుస్తకంలో ఇద్దరు గుమస్తాలు ఒకరికి తెలియకుండా ఒకరు పద్దులు రాసినట్టే. ఫైల్ సిస్టమ్ పాడవుతుంది. సరిగా వాడకపోతే డేటా మొత్తం పోవచ్చని వర్చువల్‌బాక్స్ మాన్యువలే హెచ్చరిస్తోంది.

ముందుగా డిస్కు మొత్తాన్నీ సెక్టారు సెక్టారుగా నకలు తీయాలి. జీఎన్‌యూ డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాము పాడైన చోట్లను దాటేసి, బాగున్న భాగాన్ని ముందు లాగి, మిగతాదాని కోసం తర్వాత ప్రయత్నిస్తుంది. ఏది మూలమో, ఏది నకలో ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి. తారుమారైతే ఉన్నదీ చెరిగిపోతుంది. క్యూఈఎంయూలో నకలు మీద ఒక ఓవర్‌లే ఫైలు పెడితే కొత్త రాతలన్నీ దానిలోకే పోతాయి.

మొదటిసారి నీలి తెర రావచ్చు. అందులో 7బి కోడ్ కనిపిస్తే సాధారణంగా డిస్కు కంట్రోలరు డ్రైవరు కుదరలేదని అర్థం. కంట్రోలరును ఐడీఈకి మారిస్తే ఎక్స్‌పీ చాలాసార్లు లేస్తుంది. యాక్టివేషన్ మళ్లీ అడగవచ్చు. నెట్‌వర్కు మాత్రం ఇవ్వకండి. యూఎస్‌బీ లైసెన్సు డాంగిల్‌ను వర్చువల్ మెషీన్‌కు అప్పగించవచ్చు గానీ, పాత ఐఎస్ఏ కార్డుతో నడిచే పరికరం ఇలా పనిచేయదు. అయినా పాత కొలతలు తెరిచి చూసుకోగలుగుతాం, పరిశోధకుడికి ముందు కావలసింది అదే.

అందుకే విశ్వవిద్యాలయాలు కంప్యూటర్లను పనికిరానివాటి జాబితాలో చేర్చే కాగితంలో ‘డిస్కు నకలు తీశారా, అది బూట్ అయిందా’ అని ఒక గడి ఉండాలంటాను. 80 జీబీ డిస్కుల నకళ్లు పన్నెండు ఒక్క టీబీ డ్రైవులో పడతాయి.