నీటిమట్టం రెండు ముక్కల్లో చెప్పండి
ఏజెన్సీ మండలాల అధికారులకు బహిరంగ లేఖ



చర్ల, దుమ్ముగూడెం వైపు అడవి అంచు పల్లెల కోసం కొందరం జీతం బత్తెం లేకుండా చిన్న వెబ్‌సైట్ నడుపుతున్నాం. సంత ఏ రోజు, బస్సు తిరుగుతోందా లేదా, ఏఎన్‌ఎం ఎప్పుడొస్తారు, ఇవే అందులో ఉండేవి. వానాకాలంలో మాత్రం అందరూ అడిగేది ఒక్కటే: భద్రాచలం దగ్గర గోదావరి నీళ్లెంత?

43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులైలో 71 దాటింది. ఇవి ఇక్కడ పిల్లలకూ కంఠతా వచ్చు. ఆ పూట అంకె మాత్రం మాకు చేరేది సంతకం, స్టాంపు ఉన్న స్కాన్ కాగితంగా. ఒక్క గీత సిగ్నల్ మీద ఆ ఫొటో తిరిగి తిరిగి ఆగిపోతుంది. కరెంటు పోతే కాసేపటికి టవరూ పోతుంది. ఈలోగా వాగు పొంగుతుంది. పురుటి నొప్పులొచ్చిన మనిషిని ఏ దారిన తీసుకెళ్లాలో చెప్పేవాళ్లుండరు.

డబ్బు అడగడం లేదు. సన్మానాలూ వద్దు, వానలో శాలువా ఏం చేసుకుంటాం? గంట గంటకూ నీటిమట్టం, మూసిన దారులు, పడవలున్న రేవులు మామూలు ఎస్సెమ్మెస్‌లో పట్టేలా తెలుగులో పంపండి. అదే మాట కోయ వచ్చిన ఉద్యోగితో అర నిమిషం చెప్పించి పంపండి. మా పెద్దవాళ్లలో చాలామంది చదవలేరు. టవర్ల జనరేటర్లలో డీజిల్ ఉందో లేదో ముందే చూడండి.

ఈ బాధ్యత ఎవరిదో, వారి ఫోన్ నంబరేదో జూన్‌లోపు ప్రకటించండి.