మన విశాఖలో తయారవ్వాల్సిన పోలో

మాది నర్సీపట్నం. విశాఖకి వోక్స్‌వాగన్ వస్తోందంటే మా ఊళ్ళో ఐటీఐ కుర్రాళ్ళు ఎంత సంబరపడ్డారో! 2005లో ఆ ప్రాజెక్టు కోసమని మన ప్రభుత్వం వశిష్ట వాహన్ అనే సంస్థకి 11 కోట్లు కట్టేసింది. తీరా చూస్తే, ఆ సంస్థతో మాకేం సంబంధం లేదంది వోక్స్‌వాగన్. 2006లో పుణె దగ్గర చాకన్‌ని ఎంచుకుంది. అక్కడ 2009 డిసెంబరులో పోలో తయారీ మొదలెట్టింది.

ఫ్యాక్టరీ పోవడానికి ఆ 11 కోట్లే కారణమని నేననను. కానీ మా ఆఫీసులో పది లైన్ల కోడు ప్రొడక్షన్‌కి వెళ్ళాలన్నా ఇద్దరు రివ్యూ చెయ్యాలి. ఆ ఖాతా నిజంగా మీదేనా అని కంపెనీ హెడ్డాఫీసుని అడిగాక కదా డబ్బు కట్టాల్సింది?

పోలో 2022 దాకా తయారైంది. మా కుర్రాళ్ళు మాత్రం పనికోసం ఊళ్ళు పట్టుకుని పోయారు. ఈ బగ్గు ఎవరి ఖాతాలో రాయాలంటారు?