పిల్లల్ని లెక్కపెట్టడం మానేశారు సరే, పైసల లెక్క ఎవరు అడగాలి?

పోస్టు కొంచెం పొడుగ్గా ఉంటది, ఓపికగా చదవండి.

ఇద్దరికంటే ఎక్కువ పిల్లలున్నోళ్లు సర్పంచ్‌గా, వార్డు మెంబర్‌గా పోటీ చేయొద్దనే రూల్‌ను ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ 2024 నవంబర్‌లో తీసేసింది. 2025లో తెలంగాణ మంత్రివర్గం కూడా అదే నిర్ణయం తీసుకుంది. మన గ్రూపులో కొందరు దీన్ని పెద్ద సంస్కరణ అని మెచ్చుకుంటున్నారు. రూల్ పోవడం మంచిదే. కానీ చప్పట్లు కొట్టే ముందు రెండు ప్రశ్నలు వేసుకుందాం. ఆ రూల్ అసలు ఎందుకు వచ్చింది? అది పోయాక సర్పంచ్ నిజాయితీని కొలిచే రూల్ ఏది మిగిలింది?

1994 పంచాయతీరాజ్ చట్టంలో ఈ రూల్ పెట్టినప్పుడు ఎమ్మెల్యేకు పెట్టలేదు, ఎంపీకి పెట్టలేదు. గ్రామంలో వార్డు మెంబర్ మాత్రం ఆదర్శంగా ఉండాలన్నారు. 2003లో హర్యానా కేసులో సుప్రీంకోర్టు కూడా ఇలాంటి రూల్ చెల్లుతుందని చెప్పింది. నిర్మలా బుచ్ ఆంధ్రప్రదేశ్ సహా అయిదు రాష్ట్రాల్లో చేసిన అధ్యయనం చూస్తే, పదవి కోసం భార్యను వదిలేసినోళ్లు, బిడ్డను దత్తత ఇచ్చినోళ్లు కనిపిస్తారు. పదవి పోగొట్టుకున్నోళ్లలో ఎక్కువమంది దళితులు, ఆదివాసీలు, బీసీలే. ఇప్పుడు రూల్ తీసేసింది కూడా మన మీద ప్రేమతో కాదు. జనాభా తగ్గుతోందని, ముసలోళ్లు పెరుగుతున్నారని భయం పట్టుకుంది కాబట్టి తీసేశారు. అప్పుడు పిల్లల్ని తగ్గించాలని పెట్టారు, ఇప్పుడు పెంచాలని తీశారు. రెండుసార్లూ గూడేన్ని అడిగింది లేదు.

సర్పంచ్ మంచోడా కాదా అని ఇంట్లో పిల్లల్ని చూసి తేల్చినన్నాళ్లు, పంచాయతీ లెక్కల పుస్తకం ఎవరూ తెరవలేదు. నా కోపం అక్కడే.

పంచాయతీ కాంట్రాక్టులో వాటా ఉన్న మెంబర్ అనర్హుడని చట్టంలో ఉంది. మరి బామ్మర్ది పేరు మీద పని ఉంటే? మైదానం నుంచి వచ్చిన కాంట్రాక్టర్ బిల్లు రాసుకుని, మన సర్పంచ్‌తో సంతకం మాత్రం పెట్టించుకుంటే? 1/70 ఉన్నా బినామీ పేర్లతో భూములు ఎట్లా పోయాయో మనకు తెలుసు. పదవిలో కూడా అదే బినామీ నడుస్తోంది. కుర్చీ మనది, పెత్తనం ఇంకొకడిది. మహిళా సర్పంచ్ ఉన్నచోట భర్త కూర్చుని సంతకాలు చేయించడం దీనికి అన్న లాంటిది.

తెలంగాణ 2018 చట్టం చూడండి. చెక్కు మీద సర్పంచ్‌తో పాటు ఉపసర్పంచ్ సంతకం కూడా ఉండాలన్నారు. వినడానికి బాగుంది, ఇద్దరుంటే దొంగతనం కష్టం అనిపిస్తది. కానీ షెడ్యూల్డ్ ఏరియాలో సర్పంచ్ పదవే ఎస్టీకి రిజర్వు. ఉపసర్పంచ్‌కు ఆ రక్షణ లేదు. గిరిజనేతరుడు ఉపసర్పంచ్ అయితే మన సర్పంచ్ కలం అతని చేతిలో ఉన్నట్టే. నిఘా పేరుతో తాళం చెవి బయటికి పోయింది.

ఇక తప్పు చేసిన సర్పంచ్‌ను తీసేసే అధికారం ఎవరిది? కలెక్టర్‌ది. ఓటేసింది మనం, సస్పెండ్ చేసేది ఆయన. దాంతో సర్పంచ్ ఎవరికి భయపడతాడు? గ్రామసభకా, ఆఫీసుకా? పైనోళ్లతో సఖ్యంగా ఉన్నోడు ఎంత తిన్నా నిలబడతాడు. గ్రామం తరఫున గట్టిగా మాట్లాడినోడికి నోటీసు వస్తది.

ఇంగ్లండ్‌లో ఇంకో రకం ముచ్చట. 2011 చట్టంతో అక్కడి కౌన్సిలర్లు తమ ఆస్తులు, కాంట్రాక్టులు, ఆర్థిక సంబంధాలు రిజిస్టర్‌లో రాసి, జనం చూసేలా పెట్టాలి. అది మంచి రూలే. కానీ అదే చట్టం తప్పు చేసిన కౌన్సిలర్‌ను సస్పెండ్ చేసే అధికారాన్ని తీసేసింది. ఆ అధికారం మళ్లీ కావాలని ఇప్పుడు అక్కడ గొడవ. వాళ్ల దగ్గర రిజిస్టర్ ఉంది, శిక్ష లేదు. మన దగ్గర శిక్ష ఉంది, జనం చూసే రిజిస్టర్ లేదు, శిక్ష వేసే చెయ్యి కూడా మనది కాదు.

అయితే మన చేతిలో ఏమీ లేదా? ఉంది. 1996 పెసా చట్టం సెక్షన్ 4(ఎఫ్) చదవండి. పంచాయతీ తన పథకాలకు, పనులకు ఖర్చు పెట్టిన డబ్బుకు గ్రామసభ నుంచి వినియోగ ధ్రువపత్రం తీసుకోవాలి. "తీసుకోవచ్చు" అని లేదు, తీసుకోవాలనే ఉంది. లబ్ధిదారుల ఎంపిక కూడా గ్రామసభదే. ఉమ్మడి రాష్ట్రంలో దీనికి రూల్స్ రావడానికి 2011 దాకా పట్టింది. అవి వచ్చి కూడా ఏళ్లు గడిచాయి. మీ ఊర్లో ఆ పత్రం మీద ఎప్పుడు చర్చ జరిగింది? రిజిస్టర్ ఇంటింటికీ తిప్పి వేలిముద్రలు వేయించుకోవడం గ్రామసభ కాదు.

"మనోళ్లకు లెక్కలు రావు, కలెక్టరే దిక్కు" అని కొందరంటారు. బోరు పడిందా లేదా చెప్పడానికి డిగ్రీ కావాలా? రోడ్డు ఎన్ని అడుగులు వేశారో నడిచేవాడికే తెలుసు. "మన సర్పంచ్‌ను మనమే అడిగితే బయటోళ్లు నవ్వుతారు" అని ఇంకొందరంటారు. మనం అడగకపోతేనే బయటోళ్లు వాణ్ణి కొనుక్కుంటారు. మన పెద్దలు కూర్చున్న పంచాయితీలో పటేల్‌నైనా నిలబెట్టి అడిగే ఆచారం ఉంది. అడగడం మనకు కొత్త కాదు.

అందుకే రూల్స్ మార్చేవాళ్లను మనం అడగాల్సినవి ఇవి:

1. సర్పంచ్, ఉపసర్పంచ్, వార్డు మెంబర్లు తమ కుటుంబానికి ఉన్న కాంట్రాక్టులు, బాకీలు గ్రామసభలో చదివి, పంచాయతీ గోడ మీద అంటించాలి.
2. గ్రామసభ ధ్రువపత్రం లేకుండా తర్వాతి పని బిల్లు కదలొద్దు.
3. షెడ్యూల్డ్ ఏరియాలో చెక్కు మీద రెండో సంతకం కూడా గిరిజనుడిదే కావాలి.
4. సర్పంచ్ సస్పెన్షన్‌కు ముందు గ్రామసభ విచారణ, తీర్మానం తప్పనిసరి చేయాలి.

చట్టం మారేదాకా ఆగక్కర్లేదు. సెలవులకు ఇంటికి పోయినోళ్లు వచ్చే గ్రామసభలో లేచి ఒక్క మాట అడగండి: "నిరుటి ఖర్చుకు మేమిచ్చిన ధ్రువపత్రం ఏది?" జవాబు రాకపోతే ఆ ప్రశ్నను మినిట్స్‌లో రాయించండి. రాయకపోతే అర్జీ ఇచ్చి రశీదు తీసుకోండి. ఏం జరిగిందో ఇక్కడ పెట్టండి, మిగతా గూడేలోళ్లు కూడా నేర్చుకుంటారు.

మావ నాటే మావ రాజ్ అంటే మన ఊరి లెక్క మనమే అడగడం.

జై ఆదివాసీ.