వేలం జరిపించే లైసెన్సు స్త్రీలకేదీ?

1992లో నెల్లూరు జిల్లాలో సారా వేలాలను స్త్రీలు అడ్డుకున్నారు. వేలం పదేపదే వాయిదా పడింది. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. వేలాన్ని ఆపగలిగిన స్త్రీలు వేలం జరిపించే చోట ఎందుకు కనిపించరు?

గుంటూరు మిర్చి యార్డునే తీసుకుందాం. అక్కడికొచ్చే కాయ కోసేది, తొడిమ తీసేది, తాలుకాయ ఏరేది ఎక్కువగా స్త్రీలే. రైతు తరఫున సరుకు అమ్మిపెట్టి కమీషను తీసుకునేది మాత్రం ఎక్కువగా మగవాళ్ళే. 1966 నాటి మార్కెట్ల చట్టం ఏడో సెక్షను ప్రకారం ఆ పనికి మార్కెట్ కమిటీ లైసెన్సు ఉండాలి. అది పురుషుడికే ఇవ్వాలని చట్టం అనలేదు. కానీ ధరావతు కావాలి, కొట్టు కావాలి, రైతులకు ముందుగా ఇచ్చే పెట్టుబడి కావాలి. తన పేర సెంటు భూమి లేని స్త్రీ ఇవన్నీ ఎక్కణ్ణించి తెస్తుంది? 2016లో ఈ-నామ్ వచ్చి ధరలు కంప్యూటర్‌కెక్కాయి గానీ లైసెన్సు అవసరం పోలేదు.

నామినేటెడ్ పదవుల్లో సగం స్త్రీలకివ్వాలని ఆంధ్రప్రదేశ్ 2019లో చట్టం చేసింది. మంచిదే. అయితే కమిటీలో కుర్చీ వేరు, యార్డులో వ్యాపారం వేరు. భర్త నడిపే కొట్టుకు భార్య పేరు పెట్టుకోవడం కూడా హక్కు కాదు.

లైసెన్సుదారుల్లో స్త్రీలెందరో ప్రతి మార్కెట్ కమిటీ ప్రకటించాలి. పొదుపు సంఘాలకు ఉమ్మడి ధరావతు మీద లైసెన్సులివ్వాలి. దరఖాస్తు పెట్టే స్త్రీకి మన సంఘాలు మొదటి రోజు నుంచే తోడుండాలి. సరుకును బాగుచేసే చేతులకు దాని ధర పలికించే అధికారం కూడా దక్కాలి.