గొంతుక్కూర్చోవద్దన్న డాక్టరు

పొద్దున ఆరున్నరకి యూసుఫ్‌గూడ చెక్‌పోస్టు దగ్గర నిలబడితే రెండు గుంపులు కనిపిస్తాయి. ఒకటి కృష్ణానగర్ సందుల్లోంచి షూటింగు బండ్ల కోసం వచ్చేవాళ్లది. రెండోది జూబిలీహిల్స్ ఎత్తు ఎక్కుతున్న ఆడవాళ్లది. చేతిలో చిన్న సంచి, చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, గబగబా నడుస్తుంటారు. మధ్యాహ్నం వాళ్లే దిగుతుంటే చూడండి. నడకలో తేడా తెలుస్తుంది. ఒక కాలు ఈడుస్తూ, మెట్టు దగ్గర పక్కకి తిరిగి దిగుతూ, మధ్యలో ఆగి మోకాలు పట్టుకుంటూ వస్తారు.

ఈ నడకని నేను చాలా ఏళ్లు చూశాను, కానీ గమనించలేదు. నా మోకాలు నొప్పి పెట్టాకనే గమనించానని ఒప్పుకోవాలి. రెండేళ్ల క్రితం ఎక్స్‌రే చూసి డాక్టరు గుజ్జు అరగడం మొదలైందన్నాడు. గొంతుక్కూర్చోవద్దు, బాసింపట్టు వేయొద్దు, మెట్లు తగ్గించండి, తొడ కండరాలు గట్టిపడే వ్యాయామం చెయ్యండి అని చెప్పాడు. మంచి సలహానే. తుచ తప్పకుండా పాటించాను. అప్పటిదాకా అప్పుడప్పుడు నేను చేసుకునే ఇల్లు తుడిచే పని కూడా పూర్తిగా మా ఇంట్లో పనిచేసే ఆమెకి అప్పగించాను. పాలమూరు నుంచి వచ్చి ఇరవై ఏళ్లుగా ఈ బస్తీలో ఉంటున్న మనిషి. రోజూ ఐదిళ్లు చేస్తుంది. ఒకరోజు గది మూల తడిగుడ్డ పెడుతూ లేవలేక గోడ పట్టుకుంది. డాక్టరుకి చూపించుకున్నావా అనడిగాను. "చూపిచ్చిన్నమ్మా. గొంతుక్కూసోవద్దన్నడు. మరి మీ బండలెట్ల తుడవాలె?" అంది.

ఇద్దరికీ ఒకటే జబ్బు, ఒకటే సలహా. నా మోకాలికి దొరికిన విశ్రాంతి ఆమె మోకాలి మీదనుంచి వచ్చింది. వర్గం, కులం, శ్రమ విభజన గురించి ఇన్నేళ్లు పాఠాలు చెప్పిన నాకు ఈ లెక్క తట్టడానికి ఆమె గోడ పట్టుకోవాల్సి వచ్చింది.

మోకాటి చిప్ప ముందు చర్మం కింద ఒక చిన్న తిత్తి ఉంటుంది. గంటల తరబడి మోకాళ్ల మీద వంగి పనిచేస్తే అది రాసుకుని, నీరు చేరి, వాస్తుంది. ఇంగ్లీషు వైద్య పుస్తకాలు దీనికి తరతరాలుగా పెట్టిన పేరు 'హౌస్‌మెయిడ్స్ నీ', అంటే పనిమనిషి మోకాలు. బొగ్గు గనిలో పాకే మగవాళ్లకీ ఇదే వాపు వస్తుంది. బ్రిటన్‌లో 1907లోనే గని కార్మికుల మోకాలి వాపుని నష్టపరిహారం ఇవ్వాల్సిన వృత్తి జబ్బుల పట్టికలో చేర్చారు. మగవాడి మోకాలికి చట్టంలో చోటు దొరికింది. ఆడదాని మోకాలికి పుస్తకంలో పేరు మిగిలింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2010లో సవరించిన జాబితాలో ఈ వాపుతో పాటు, ఎక్కువసేపు గొంతుక్కూర్చునో మోకరిల్లో చేసే పనివల్ల మోకాలి లోపలి మెత్తటి పొర చిరగడం కూడా వృత్తి జబ్బుగానే ఉంది.

మోకాలొక్కటే కాదు. రోజూ బకెట్ల కొద్దీ బట్టలు పిండే చేతికి బొటనవేలి మొదట్లో నరం పట్టేసినట్టు నొప్పి వస్తుంది. అది నిజానికి స్నాయువు పొర వాపు. వేలికి కట్టుకట్టి కొన్ని వారాలు పిండడం ఆపితే చాలామందికి తగ్గుతుంది. నలభై దాటిన ఆడవాళ్లకి, ముఖ్యంగా షుగరు ఉన్నవాళ్లకి, జబ్బ బిగుసుకుపోతుంది. జడ వేసుకోలేరు, జాకెట్టు హుక్కు పెట్టుకోలేరు. అది మెల్లమెల్లగా వ్యాయామంతో నెలల మీద వదులుతుంది. వీటన్నిటినీ మనవాళ్లు 'వాతం' అనే ఒక్క మాటలో పడేస్తారు. కానీ ఒకదాన్ని మాత్రం విడిగా గుర్తుపట్టాలి. పొద్దున లేవగానే రెండు చేతుల వేళ్ల కణుపులూ బిగుసుకుపోయి గంట దాకా సడలకపోతే, వాచి ఉంటే, అది అరుగుదల కాదు, రుమటాయిడ్ కీళ్లవాతం కావచ్చు. మగవాళ్లకంటే ఆడవాళ్లకి రెండు మూడు రెట్లు ఎక్కువగా వస్తుంది. తొందరగా రక్తపరీక్ష చేయించి సరైన మందు మొదలుపెడితే వేళ్లు వంకరపోకుండా కాపాడుకోవచ్చు. బస్తీ మీటింగుల్లో ఈ ఒక్క ముక్క చెప్పినా పనికొస్తుంది.

మరి బస్తీలో దొరికే వైద్యం ఏమిటి? ఒక నొప్పి గోళీ, ఒక సూది. గోళీ రోజూ మింగితే కడుపులో పుండు పడుతుంది, బీపీ పెరుగుతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి. సూది ఇంకా పెద్ద సమస్య. నొప్పి మాయమై మర్నాడే పనికి పోగలిగితే అందులో స్టెరాయిడ్ ఉందేమోనని అనుమానించాలి. డాక్టరు అవసరం చూసి కీలులో ఎప్పుడో ఒకసారి ఇచ్చేది వేరు. నెలనెలా ఆర్ఎంపీ దగ్గర పిరుదుకి వేయించుకునేది వేరు. దానితో షుగరు పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి. పటాన్‌చెరులో 1985లో నెట్-ఎన్ గర్భనిరోధక ఇంజెక్షన్ ప్రయోగాన్ని నిలదీసి, ఆ మరుసటేడు సుప్రీంకోర్టు దాకా వెళ్లిన ఉద్యమం మనది. ఆ సూదిలో ఏముందో ఆ ఆడవాళ్లకి చెప్పారా అని అడిగాం. మోకాలి సూది గురించి అదే ప్రశ్న ఎందుకు అడగలేదు? స్త్రీల ఆరోగ్యం అనగానే మన చర్చ కూడా గర్భాశయం చుట్టూనే తిరిగిందేమో. కీళ్లని ముసలితనం ఖాతాలో వేసేశాం.

అరిగిన గుజ్జుని తిరిగి పెంచే మాత్ర ఇప్పటిదాకా లేదు. ఉన్నంతలో బాగా పనిచేసేది వ్యాయామమే. కాళ్లు చాపుకుని కూర్చుని, మోకాలి కింద తువ్వాలు చుట్టిపెట్టి, దాన్ని కిందికి అదిమి ఐదు లెక్కపెట్టడం, అలా పదిసార్లు. పైసా ఖర్చు లేదు. ఖర్చంతా సమయానిదే. పంజగుట్ట నిమ్స్ 1960లలో మొదలైందే నిజాం ఎముకల ఆసుపత్రిగా. యూసుఫ్‌గూడకి దూరమేమీ కాదు. కానీ ఏ పెద్దాసుపత్రిలోనైనా ఓపీ చీటీ ఇచ్చేది అంట్లు తోమే వేళకే. 2018 నుంచి తెరిచిన బస్తీ దవాఖానాలూ పగలే నడుస్తాయి. ఫిజియోథెరపీకి పది రోజులు రమ్మంటే పది నాగాలు. నాలుగో నాగాకి ఇంకో మనిషిని పెట్టుకుంటారు. చివరికి మిగిలేది మోకాలి మార్పిడి. 2017 ఆగస్టులో కేంద్రం కృత్రిమ కీలు ధరకి పరిమితి పెట్టినప్పుడు, ఎక్కువగా వాడే రకం సగటున 1,58,324 రూపాయల నుంచి 54,720కి దిగింది. మంచి పనే. అయితే అది కీలు ధర మాత్రమే. ఆపరేషన్ తర్వాత నెలల పాటు పని మానాల్సిన కూలి ఏ పట్టికలోనూ లేదు. మార్చిన మోకాలితో మళ్లీ గొంతుక్కూర్చోవద్దనే చెబుతారు.

సనత్‌నగర్ ఈఎస్ఐ ఆసుపత్రి పక్కనే ఉన్నా వీళ్లకి లెక్కలోకి రాదు. ఆ లెక్క పదిమంది పనిచేసే సంస్థలది, ఇల్లు సంస్థ కాదు. 2013 లైంగిక వేధింపుల నిరోధక చట్టం మాత్రం ఇంటిని పనిచోటుగా ఒప్పుకుంది, ఇంటిపని కార్మికురాలిని పేరుపెట్టి చేర్చింది. అదే ఇంట్లో అదే మనిషి మోకాలు పోతే అది పనిచోటు కాకుండా పోతుంది. ఇంటిపని వారికి భద్రమైన, ఆరోగ్యకరమైన పని పరిస్థితుల హక్కునిచ్చే 189వ అంతర్జాతీయ ఒప్పందానికి 2011లో మన దేశం అనుకూలంగా ఓటేసింది. ఆమోద ముద్ర మాత్రం వేయలేదు. వీరికోసం చట్టం అవసరమా అని పరిశీలించడానికి కమిటీ వేయమని 2025 జనవరిలో సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పింది. ఆ చర్చలోకి వేతనంతో పాటు కీళ్లు కూడా వెళ్లాలంటే, తీసుకెళ్లాల్సింది మనమే.

కృష్ణానగర్‌లో అద్దెగదుల్లో ఉండే గ్రూపు డాన్సర్ల కథ వేరే రాయాలి. వాళ్లకి మడమ బెణుకుతుంది, మోకాలి లోపలి లిగమెంటు తెగుతుంది. లిగమెంటు తెగిన కాలికి పుత్తూరు కట్టు కట్టించుకుని మూడో వారం సెట్టు మీదికి పోతే, పక్కన మెత్తటి పొర కూడా చిరుగుతుంది. 2025 ఆగస్టులో సినీ కార్మికులు కూలి పెంచమని రెండు వారాలకు పైగా షూటింగులు ఆపారు. న్యాయమైన సమ్మె. దెబ్బ తగిలిన రోజుల కూలి సంగతి కూడా అంత గట్టిగా వినిపించే రోజు కోసం చూస్తున్నాను.

ఇక మా ఇంటి సంగతి. పొడుగు కర్ర తుడుపు తెచ్చాను. బట్టలకి నిలబడి ఉతికే గట్టు కట్టించాను. నెలకి నాలుగు రోజులు కూలి కోయకుండా సెలవన్నాను. గొప్పగా చెప్పుకోవడానికి కాదు, చాలా ఆలస్యంగా చేసిన పని. ఆమె కర్రని అటూ ఇటూ తిప్పి చూసి, "మీ ఇంట్ల సరేనమ్మా. మిగిలిన నాలుగిండ్ల చేత్తోటి తుడిస్తెనే మూలలు సాఫయితయంటరు" అంది. ఆ నాలుగిళ్లలో ఒకటి మన సంఘంలో నాకు బాగా తెలిసిన మిత్రురాలిది.

ఈ సంచిక చదివే వారంతా తమ ఇంట్లో, తమ ఆఫీసులో నేల ఎవరు తుడుస్తారో, దేనితో తుడుస్తారో, నాగాకి కూలి కోస్తారో లేదో రాసి పంపండి. పేర్లు అక్కర్లేదు. వచ్చే సంచికలో అచ్చేస్తాం, నాదీ కలిపి.